నల్ల నీళ్లలో లిగ్నిన్, గదిలో గుడ్డు వాసన

నేను డిగ్రీ పాసై కాయితాల మిల్లులో చేరగానే, కొడుకు సైంటిస్టు అయ్యాడని మా బాపు సుల్తానాబాద్ అంతా చెప్పుకొచ్చాడు. ఆదిలాబాద్ జిల్లా అడవి అంచున ఉన్న ఆ మిల్లు ప్రయోగశాలలో నా సైన్సు గాజు గ్లాసులు కడగడం. కడిగినవాటిని బోర్లించడం కూడా పరిశోధన కిందికే వచ్చేది.

అక్కడ పెద్ద మా కెమిస్టు గారు. గోదావరి జిల్లాలాయన, ఉల్లిపాయ కూడా గడప దాటనివ్వని ఇంట్లో పుట్టాడు. ఆయన ప్రేమంతా మిల్లు పారబోసే నల్ల నీళ్ల మీదే ఉండేది. వెదురును సోడా, గంధకం కలిసిన మందులో ఉడికిస్తే గుజ్జు కాయితానికి పోతుంది, తారులాంటి నీళ్లు మిగులుతాయి. కొంత బాయిలర్లో మండేది, మిగతాది వాగు పాలయ్యేది. వెదురును నిటారుగా నిలబెట్టే లిగ్నిన్ అనే జిగురంతా ఆ నీళ్లలోనే కరిగి ఉంటుందని, దాన్ని బయటికి తీస్తే బొగ్గు పొడిని గట్టి ముద్దలు కట్టవచ్చని ఆయన నమ్మకం.

"బంగారాన్ని వాగులో పోస్తున్నామోయ్" అనేవాడు. బంగారం అలా కంపు కొడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తీసే పద్ధతి వినడానికి సులువే. నల్ల నీళ్లలో కొంచెం కొంచెంగా తేజాబ్, అంటే యాసిడ్, పోస్తే పాలు విరిగినట్టు విరుగుతుంది. అప్పుడు గుడ్డలో వడకట్టాలి. చల్లగా వడకడితే గంజిలా సాగి గుడ్డకే అతుక్కుపోయేది. ఆయన పంచెలన్నీ ఆ గంజికే బలయ్యాక తేలింది, కాస్త వేడిచేస్తే రవ్వరవ్వగా విడిపోయి నీళ్లు చక్కగా దిగుతాయని. వేడిచేస్తే కంపు కూడా అంతే చక్కగా లేచేది.

కలకత్తా నుంచి మిల్లు యజమాని శేట్ వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన తల ఊపితే ఒక షెడ్డు, ఒక డ్రమ్ము తేజాబ్. ఊపకపోతే మేం లిగ్నిన్ తీసే పక్కగదిలో గోనెసంచులు పెట్టిస్తానని మేనేజరు ముందే చెప్పాడు. కెమిస్టు గారికి ఆ రోజుల్లో అన్నం సహించలేదు. నాకు బాగానే సహించింది.

"సార్, శేట్ వచ్చేనాడు వేడి చెయ్యకుండ్రి. కుళ్లిన గుడ్డు వాసనొస్తున్నది" అన్నాను.

ఆయన గరిట ఆపేశాడు. "పుస్తకంలోనూ అదే రాశాడు, కుళ్లిన కోడిగుడ్డు వాసన అని. ఇదేనా అది?"

"ఇన్ని దినాలు ఏమనుకున్నరు సార్?"

"నేను గుడ్డు వాసన ఎప్పుడు చూశానోయ్? ఇది మందుల వాసన, అది ఇంకా రావాలేమో అనుకున్నా."

ఆయన ఆనందంగా ఇంకోసారి పీల్చాడు. వేడి మాత్రం మానలేదు. వడకట్టి కళ్లముందు చూపించకపోతే శేట్ నమ్మడన్నాడు.

వచ్చిన రోజు శేట్ మా గది గుమ్మంలోనే ఆగి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. మిల్లు గేటు లోపల మాంసం, గుడ్డు నిషేధం.

"యహా అండా కిస్‌నే పకాయా?"

గుడ్డు ఎవరు వండారని. మేనేజరు చూపు నేరుగా నా మీదికొచ్చింది. కెమిస్టు గారి ముఖం సున్నం వేసిన గోడలా అయిపోయింది.

"శేట్‌జీ, మా వంశంలో గుడ్డు ముట్టినవాళ్లు లేరు!"

"అయితే ఇది గుడ్డు కాదని నీకెట్లా తెలుసు?" అన్నాడు శేట్, హిందీలోనే, చాలా మర్యాదగా.

కోర్టులాంటి ఆ గదిలో జడ్జికీ, ముద్దాయికీ, మేనేజరుకూ గుడ్డు సంగతి తెలియదు. తెలిసిన మేధావిని నేనొక్కణ్నే.

"నువ్వు చెప్పవోయ్" అన్నాడు కెమిస్టు గారు, దాదాపు ఏడుస్తూ.

"నేను చిన్నప్పటి సంది తింటున్న శేట్‌జీ" అన్నాను. "గుడ్డు మంచిదైతే గీ వాసన రాదు. కుళ్లితేనే వస్తది. కుళ్లినదాన్ని మా దిక్కు ఎవ్వలు వండుకోరు. గిది మన మిల్లు మందు వాసననే. వాగు పొంటి ఉన్నోళ్లు దినాం పీలుస్తున్నరు."

మేనేజరుకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. శేట్ నన్ను ఎగాదిగా చూసి, సరుకేదని చెయ్యి చాపాడు. కెమిస్టు గారు ముక్కుపొడి రంగు లిగ్నిన్ చూపించి, దాంతో కట్టిన బొగ్గు ముద్దను ఆ చేతిలో పెట్టాడు. శేట్ దాన్ని నేలకేసి కొట్టాడు. పగల్లేదు. మేనేజరు కూడా కొట్టి చూశాడు, కొంచెం ఆశగా. అయినా పగల్లేదు.

షెడ్డు వచ్చింది, గేటు బయట, వాగు ఒడ్డున. తేజాబ్ వచ్చింది. ఆ అండావాలాను కూడా అక్కడికే పంపించమని హుకుం వచ్చింది. ఇంటికి ఉత్తరం రాశాను, పని బయటి విభాగంలోకి మారిందని. బాపు దాన్ని ప్రమోషన్‌గా చదువుకున్నాడు.

రేకుల షెడ్డులో కెమిస్టు గారు కొత్త పెళ్లికొడుకులా తిరిగేవాడు. మేనేజరు బంగళా వైపు గాలి వీచే రోజున పొయ్యి వెలిగించవద్దని ఆయన బంట్రోతు వచ్చి చెప్పిపోయేవాడు.

"గాలి ఎటు వీస్తోందోయ్?" అని అడిగేవాడు కెమిస్టు గారు, నల్ల నీళ్లు గిన్నెలో పోస్తూ.

"బంగళా దిక్కే సార్."

"సరే, వెలిగించు."