నందివర్ధనం మీద తెల్ల దుప్పటి

మా మేనత్త ముప్పై ఏళ్లుగా ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతోంది. ఏ మరక చన్నీళ్లకు పోతుందో, ఏది బ్లీచింగ్‌కు గాని లొంగదో చూపుతోనే చెబుతుంది. నా చొక్కా మీద టీ పడితే ముందు పలకరించేది మరకనే, నన్ను కాదు.

ఆమెకున్నది ఒక గది, ఒక వంటిల్లు, వెనక ఎత్తయిన గోడల మధ్య నాలుగడుగుల పెరడు. అక్కడ ఎండ పడదు. గులాబీ చచ్చింది, బంతి చచ్చింది. వాగు గట్టు చదును చేస్తున్న రోజున, యంత్రం కింద పడబోయిన నందివర్ధనం మొక్కను తడిగుడ్డలో చుట్టుకొచ్చింది. గట్టున పెద్ద చెట్ల నీడలో దానంతటది పెరిగిన మొక్క. ఇప్పుడు ఆ గట్టూ లేదు, ఆ పొదలూ లేవు. ఇది మాత్రం ఆరేళ్లలో అత్త భుజం దాకా వచ్చింది. ఆ తెల్ల పూలు చూడందే పనికి వెళ్లేది కాదు.

ఈ వేసవిలో వెనక మేడకు నిలువునా అద్దాలు బిగించారు. మధ్యాహ్నమైతే వాటి మీది ఎండ పెరట్లోకి కొడుతోంది. ఆకుల అంచులు మాడాయి. అత్త ఆ మేడ వాచ్‌మన్ దగ్గరికి వెళ్లింది, వెంట నేనూ.

“అన్నా, మీ అద్దాలు మా ఇంట్లోకి ఎండ కొడుతున్నాయి.”

“ఊరికే వచ్చే ఎండ కూడా వద్దంటావేంటమ్మా?”

“మొక్క మాడిపోతోంది.”

“అయితే సూర్యుడి మీద కాగితం రాసివ్వు. పైకి పంపిస్తా.”

నేను నోరు తెరవబోతే అత్త చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

మర్నాడు పాత దుప్పటి ఒకటి పొద మీద పందిరిలా కట్టింది. తెల్లగా ఉంటే ఎండను తిప్పికొడుతుందని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టింది. ఆమె పనే ఆమెను ముంచింది. ఆసుపత్రిలో జాడించడం యంత్రం వంతు. ఇంట్లో జాడించాలని ఆమెకు తట్టనే లేదు. పైగా ఆ బకెట్ నీళ్లు పారబోయడం దేనికని, చల్లదనం కోసం దుప్పటి ఆరినప్పుడల్లా అందులోనే ముంచి కట్టింది. వారం రోజులు ఆ నీళ్లు మొదట్లోకి కారాయి.

ఆకులు పండి రాలుతుంటే నేను వెళ్లాను.

“అత్తా, పెరడంతా మీ ఆసుపత్రి వాసనేంటి?”

ఆమె దుప్పటి అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది. “నాకేం రావట్లేదురా.”

ముప్పై ఏళ్లు ఆ వాసనలో బతికిన మనిషికి ఎక్కణ్ణుంచి వస్తుంది? బకెట్ వైపు చూసింది. మొదట్లో మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది.

“నా చేత్తోనే పోశాన్రా.”

మట్టి మార్చాం. బిందెల కొద్దీ మంచినీళ్లు పోశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. నర్సరీ ఆయన్ని పిలిస్తే వచ్చి కొమ్మను గోటితో గీకాడు.

“పాలు కారితే బతికున్నట్టు. లేకపోతే ఆ కొమ్మ పోయినట్టు. ఇక చూడ్డమేనమ్మా, చేసేదేం లేదు.”

అప్పట్నుంచి అత్త పని నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా పెరట్లోకి పోయి గీకుతోంది. మొదట భుజం ఎత్తులో పాలు రాలేదు. తర్వాత నడుము దగ్గర. నిన్న మోకాలి దగ్గర.

“ఇంకాస్త కింద చూడత్తా.”

“మరకైతే ఎప్పుడో తేల్చేద్దును,” అంది, లేచి చేతులు కడుక్కుంటూ.

దుప్పటిని మాత్రం ఇప్పుడు ఏడు నీళ్లలో జాడిస్తోంది. నా ముక్కుకు పెట్టి “వస్తోందా?” అని అడిగి, రావట్లేదంటేనే ఆ ఎండు కొమ్మల మీద కడుతోంది. మొదలు దగ్గర ఇంకా జానెడు మిగిలింది. అక్కడ మాత్రం గోరు పెట్టదు.