చొప్పదండిలో నా విజయోపన్యాసం

ఆ రోజుల్లో మా ఇంట్లో విజయానికి ఉన్నది ఒకే మాట: ‘వచ్చింది’. ఏం వచ్చిందని ఎవరూ అడగరు, సర్కారు నౌకరీ అని అందరికీ తెలుసు. ఓటమికీ ఒకటే మాట: ‘రాలే’. నాకు ఈ రెండో మాటతోనే చుట్టరికం ఎక్కువ. నాలుగుసార్లు పరీక్ష రాశాను, నాలుగుసార్లూ రాలే. ఐదోసారి స్నేహితురాలి పెళ్లికని అవ్వకు, అంటే అమ్మకు, అబద్ధం చెప్పి వెళ్లి రాసొచ్చాను. అదీ రాలే. (పెళ్లిలో ఏం వండారని అవ్వ అడిగితే తడుముకోకుండా ఏడు కూరలు చెప్పాను. పరీక్షలో అంత ధారాళంగా రాసుంటే ఈ కథే ఉండేది కాదు.)

అలాంటి నాకు కరీంనగర్‌లో ఒక వ్యక్తిత్వ వికాస కేంద్రంలో పని దొరికింది. జనానికి గెలవడం నేర్పడమే ఆ పని! కేంద్రం నడిపే సార్ మంచివాడే గాని మాటల మీద మహా మోజు. గెలుపు వేరు, విజయం వేరు, సాఫల్యం వేరు, సిద్ధి వేరు, ఘనత వేరు అంటూ ఐదు మాటలకు ఐదు పేజీలు రాసి నా చేతిలో పెట్టి, “చొప్పదండిల మహిళా సంఘం మీటింగుల గిది చెప్పు. నేను ఎనుక కూసోని సూస్త. మంచిగ చెప్తే నీ నౌకరీ పక్కా” అన్నాడు. వారం రోజులు అద్దం ముందు నిలబడి బట్టీ పట్టాను. అవ్వ తన పట్టుచీర కట్టించి, “చిన్నమ్మను గూడ రమ్మన్న, ముందల కూసుంటది. నీకు జర ధైర్యముంటది” అంది. చిన్నమ్మంటే అవ్వ చెల్లెలు, చొప్పదండి కోడలు. ఆమె ధైర్యం చెబితే నాలుగు వాడలకు వినబడుతుంది.

సభలో గెలుపు, విజయం, సాఫల్యం పేజీలు సాఫీగానే గడిచాయి. ‘సిద్ధి’ దగ్గరకు రాగానే ఒక ముసలమ్మ చెయ్యెత్తి, “గది సిద్దిపేట దిక్కుంటదా బిడ్డా?” అని అడిగింది. కాదని చెప్పేలోపే మళ్లీ, “మా కాలంల గీటన్నిటికీ కామ్యాబ్ అని ఒక్క మాట సాలుతుండె. నీకు గిన్నెందుకు?” అంది. దానికి జవాబు సార్ రాసిన కాగితంలో లేదు. “మీరు దేంట్ల గెలిచిండ్రో మీరే చెప్పుండ్రి” అని బంతి వాళ్ల వైపు విసిరాను. ఒకామె సిగ్గుపడుతూ లేచి, “మా అత్త నేను వెట్టిన చాయ మంచిగున్నదన్నది. పద్నాలుగేండ్లు పట్టింది” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనే కూర్చున్న అత్త మాత్రం, “ఆ దినం నాకు జరమొచ్చి నోటికి రుచి తెల్వలే” అని సరిదిద్దింది.

ఆ నవ్వులు ఆగకముందే మా చిన్నమ్మ లేచింది. కళ్లనిండా ప్రేమ. “గీ పోరి మా అక్క బిడ్డనే! నాలుగుసార్లు నౌకరీ పరీక్ష రాసింది, ఒక్కపారి గూడ రాలే. అయినా సూడుండ్రి, మనకు గెలుసుడెట్లనో ఎంత మంచిగ చెప్తుందో!” అని చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆమె ఒక్కతివే. వెనక సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. నేను వెంటనే ‘ఘనత’ పేజీలోకి దూకాల్సింది. కానీ ఆరు నెలలుగా ఇంట్లో దాచిన మాట తనంతట తానే బయటికొచ్చింది: “నాలుగు గాదు చిన్నమ్మా, ఐదు.”

“ఐదా!” అని సభంతా ముందుకు జరిగింది. “ఏమడుగుతరు బిడ్డా అందుల?” అంది ముసలమ్మ. “ఎకరానికి ఎన్ని గుంటలని అడిగిండ్రు. నేను ముప్పై ఆరని పెట్టిన” అన్నాను. “నలభై!” అని నూరు గొంతులు ఒక్కసారే అరిచాయి. ఆ నవ్వుకు పైకప్పు రేకులు లేచిపోతాయనుకున్నాను. చివరికి నేనూ నవ్వేశాను. ఆ తర్వాత గంటసేపు ఎవరెవరు ఎక్కడెక్కడ బోల్తా పడ్డారో పోటీపడి చెప్పుకున్నారు. వెళ్లేటప్పుడు నా ఒడినిండా మక్కకంకులు పోశారు.

బయట సార్ స్కూటర్ దగ్గర గంభీరంగా నిలబడి ఉన్నాడు. “మీటింగ్ సక్సెస్” అన్నాడు. స్కూటర్ సీటు తుడుస్తూ, “నీ నౌకరే కాలే. ఐదుపార్లు తప్పినదాంతోటి గెలుపు చెప్పిస్తుండంటే నా దగ్గరికి ఎవరొస్తరు బిడ్డా? జర అర్థం జేస్కో” అన్నాడు. అర్థమైంది. బస్సులో కరీంనగర్ దాకా ఏడుస్తూనే వచ్చాను.

నాకంటే ముందే చిన్నమ్మ ఫోన్ ఇల్లు చేరింది. అవ్వ గడపలో కూర్చుని ఉంది. “ఐదోసారి తప్పినందుకు నాకేం బాధ లేదు. నౌకరీ పోయినందుకు గూడ లేదు. గా సంగతి నాకంటె ముందుగాల నా చెల్లెకు చెప్పినవ్ సూడు, గదీ నా బాధ!” అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. (కంకులు మాత్రం కాల్చుకుని తింది.)

ఆరోసారి కూడా రాశాను. అదీ రాలే. ఈసారి మాత్రం ఫలితం చూసిన చోటి నుంచే ముందు అవ్వకు ఫోన్ చేశాను. “సరే తియ్, అన్నానికి రా” అంది. ఇప్పుడు నిర్మల్‌లో ఒక చిన్న బడిలో తెలుగు చెబుతున్నాను. పట్టుచీరలో చెమటలు కక్కుతూ, తనకే తెలియని దాన్ని ఐదు రకాలుగా వివరిస్తున్న ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. కాస్త ఆగి మంచినీళ్లు తాగమని చెప్పాలనిపిస్తుంది. కానీ మైకు ఆమె చేతిలో ఉంది. నా మాట వింటుందా!