పెయ్యతో చెప్పిన మాట

పూతలపట్టులో బస్సు ఆగగానే కిటికీలోంచి వేడి బెల్లం వాసన కొట్టింది. పక్కన కూర్చున్న మా చిన్నాన్న కూతురు కళ్లు మూసుకుని, "అవ్వ గుర్తుకొస్తా ఉండాది కదక్కా! ఏ మాటైనా ఎంత సున్నితంగా సెప్పేదో!" అంది. సున్నితమట! ఒళ్లు మండింది నాకు.

నా చిన్నప్పుడు, ఎండలు ముదిరేలోపల మా తోటలో చివరి చెరుకు గానుగ ఆడేవాళ్లు. పొయ్యిలో పిప్పి భగభగ మండుతుంటే, పెనంలో పాకం నురగలు కక్కుతుంటే, పిల్లలమంతా చెరుకు ముక్కలు ముంచుకుని నాలుకలు కాల్చుకుంటూ తిరిగేవాళ్లం. నాయనకు అమ్మ అయిన మా అవ్వ అక్కడే నులకమంచం మీద కూర్చునేది. ఆమె ఎవరితో చెప్పాల్సిన మాట వాళ్లతో చెప్పేది కాదు. మా అమ్మను అనాల్సింది పొయ్యిని అనేది. చుట్టాలు నాలుగు రోజులు ఎక్కువ ఉంటే, "ఇంకా మీ ఇంటికి పోలేదా?" అని పిల్లిని అడిగేది. వాళ్లు సాయంత్రం బస్సుకే సంచి సర్దుకునేవాళ్లు.

ఆ ఏడు నా ఏడో తరగతి అయిపోవచ్చింది. చిత్తూరు హైస్కూల్లో చేర్పిస్తానని నాయన మాటిచ్చాడు. ఆ సంగతి అవ్వ చెవిన పడింది. గానుగ దగ్గర అందరూ ఉండగా, కట్టేసిన పెయ్యదూడ వైపు తిరిగింది.

"ఏమే ఎర్రదానా, సిత్తూరు దాకా పోయి మేసొస్తావా? ఈడ గడ్డి సాల్లేదా? ఊళ్లు తిరిగినదాన్ని రేపు ఎవురే తోలుకుపోయేది? ఒరే అబ్బా, దీని పలుపు రోంత పొట్టిగా కట్టు."

నాయన లేచి పోయి దూడ మెడకున్న పలుపుతాడు పొట్టి చేశాడు.

బడులు తెరిచినా నా ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"నాయనా, సిత్తూరికి ఎప్పుడు పోదాం?"

"అవ్వ సెప్పింది కదమ్మా."

"పెయ్యకు కదా సెప్పింది! నాకేం సెప్పలేదే!"

నాయన తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. నేను నేరుగా అవ్వ మీదికి పోయాను.

"నేను నిన్నేమన్నానే తల్లీ? పెయ్యనంటే నీకెందుకే రోసం?" అంది.

వాకిట్లో అందరూ నవ్వారు. మా అమ్మ కూడా, కొంగు అడ్డం పెట్టుకుని. అది నేను మరిచిపోలేదు.

దాన్ని ఏమనాలి? ఎత్తిపొడుపు అందామంటే, అందులో పొడిచిన చెయ్యి కనిపిస్తుంది. సూటిపోటి మాటల్లో కాస్తయినా సూటి ఉంది. డొంకతిరుగుడు అంటే ఏదో దారి తప్పినట్టుంటుంది. ఆమె ఎన్నడూ దారి తప్పలేదు. చదువుకున్నవాళ్లు నర్మగర్భం అంటారు, మెచ్చుకుంటున్నట్టు. నేను దాన్ని పిరికితనం అంటాను. దెబ్బ కొట్టి, కర్ర మరొకరి చేతిలో పెట్టడం.

ఇప్పుడు ఆ తోటలో ఇళ్ల ప్లాట్లు వేశారు. గానుగ లేదు, అవ్వ లేదు, నాయన కూడా పోయాడు. ఒక్కరైనా నా మొహం మీద "వద్దు" అని ఉంటే, "పోతాను" అని అరిచి ఉండేదాన్ని. ఆ మాట ఇప్పటికీ గొంతులోనే ఉంది. ఎవరితో అనాలి?