పక్కింటి అక్క అడిగిన దువ్వెన

నా చిన్నప్పుడు, ఊళ్ళో మేడా పొలాలూ పోయి మేము విజయవాడ భవానీపురంలో రెండు గదుల వాటాలో దిగిన కొత్తలో, మా ఇంటి పరువు రెండింటిలో మిగిలి ఉండేది. ఒకటి తరాలనాటి దంతపు దువ్వెన. రెండోది నా మోకాళ్ళదాకా జడ.

నాయనమ్మ రోజూ నూనె ఓడేలా పట్టించి, ఆ దువ్వెనతోనే బిగించి జడ వేసేది. తలంటు వారానికొక్కసారే. ఇంట్లో ఆడవాళ్ళందరికీ దువ్వెన అదే. నీళ్ళు తగిలితే చిట్లుతుందని ఎవరూ కడిగేవారు కాదు.

ఆ ఎండాకాలం నా తలనిండా కురుపులు లేచాయి. దిండు మీద తల ఆన్చలేకపోయేదాన్ని. నాయనమ్మ ఇంకాస్త నూనె పట్టించింది. తగ్గకపోయేసరికి, ఆదివారం కృష్ణ ఒడ్డున గుండు చేయిస్తానని తేల్చేసింది. నేను ఏడవలేదు. మా ఇంటి ఏడుపు గోడ దాటకూడదు.

పక్కింటి అక్క నర్సు చదువు చదివేది. నా తల చూసి, "నూనే చెమటా కలిసి కుదుళ్ళు పూడుకుపోయాయే. పైగా ఆ దువ్వెన మురికి. గోకావంటే ఇంకా పాకుద్ది" అంది. నాయనమ్మకు చెప్పమంటే నవ్వి ఊరుకుంది. సలహా ఇచ్చినవాళ్ళను నాయనమ్మ ఎలా చూసేదో వీధంతటికీ తెలుసు.

ఆ సాయంత్రమే అక్క మా గుమ్మంలో నిలబడింది.

"మామ్మగారూ, నాకు పెళ్ళిచూపులండీ. మీ దంతపు దువ్వెన రెండు వారాలు ఇస్తారా? పాపకి నా కొత్త దువ్వెన ఉంచుతాను. అందాకా తలంటడం కూడా పాప తల మీదే నేర్చుకుంటానండీ. గుండు చేయిస్తే ఇంకెవరికి తలంటాలి?"

నాయనమ్మ వెన్ను నిటారుగా చేసి, "మా గుమ్మంలో లేదనిపించుకున్నవాళ్ళు లేరే. పట్టుకుపో" అంది.

అక్క నూనె మానిపించి, రోజు విడిచి రోజు కుంకుడు రసంతో తలంటింది. తడి ఆరాకే వదులుగా జడ వేసింది. దిండు గలేబు ఉతికి ఎండలో వేసింది. చీము పట్టినవాటిని గిల్లనివ్వలేదు. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి నడవాల్సిందేనంది. ఆ అవసరం రాలేదు. కురుపులు మానిపోయాయి. జడ మిగిలింది.

దువ్వెన తిరిగి వచ్చినప్పుడు గుర్తుపట్టలేకపోయాం. పళ్ళ సందులన్నీ దారంతో తోమి తెల్లగా చేసింది. వయసు తెచ్చిన రంగనుకున్నదంతా మా మురికే. నాయనమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"సంబంధం కుదిరిందా?"

"లేదండీ."

"రానివాడితో ఎట్టా కుదురుద్దిలే."

దువ్వెన పెట్టెలోకి వెళ్ళిపోయింది. మర్నాడు ఇంట్లో తలకొక దువ్వెన వచ్చింది. నాయనమ్మ అక్కను పిలిచి, కూర్చోబెట్టి, తనే జడ వేసి పూలు పెట్టింది.

మా ఇంట్లో ఇప్పటికీ ఎవరి దువ్వెన వారిదే, వారానికోసారి సబ్బునీళ్ళలో పడాల్సిందే. నాయనమ్మ నిటారు వెన్ను నాకూ వచ్చింది. అందుకే, ఎవరికైనా సాయం చేయాల్సి వస్తే ఇచ్చేదానిలా ఆ గుమ్మం ఎక్కను. ఏదో ఒకటి అడగడానికి వెళ్తాను.