శుక్ర మూఢంలో నా ఉద్యోగం

పోయిన ఆదివారం నంద్యాల నుంచి మా బావ, అంటే మా మేనత్త కొడుకు, కూతురి పెళ్ళిపత్రిక ఇవ్వడానికి ఆళ్ళగడ్డలో మా ఇంటికొచ్చాడు. భార్యకు మోకాళ్ళ నొప్పులని కూతుర్నే వెంటబెట్టుకొచ్చాడు. నాలుగు మూలలా పసుపు పెట్టిన పత్రిక నా చేతిలో పెట్టి, "శుక్ర మూఢం వచ్చేస్తాందంట, అందుకే బేగా పెట్టుకున్నాం. నువ్వు రావల్ల," అన్నాడు. మూఢం అన్న మాట ఆయన నోట వినగానే గుండె కలుక్కుమంది. అరవై దాటాక కూడా ఇదేం చోద్యమో!

మన తరంవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, శుక్రుడు సూర్యుడికి దగ్గరైపోయి కంటికి ఆనకుండా పోయే రోజులే శుక్ర మూఢం. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో పెళ్ళి మాట ఎత్తరు. వయసులో ఉండగా ఊరికి దూరంగా ఒక రేడియో టెలిస్కోప్ కేంద్రంలో నేను చేసిన ఉద్యోగమేమో సరిగ్గా ఆ రోజుల కోసమే కాచుకుని ఉండేది. వేరే దేశంవాళ్ళు పంపిన నౌక ఒకటి శుక్రుడి చుట్టూ తిరుగుతూ, ఎడతెగని ఈలలా ఒకే తీరున రేడియో సంకేతం పంపుతుండేది. శుక్రుడు సూర్యుడి వెనక్కి చేరినప్పుడు ఆ సంకేతం కరోనాలోంచి, అంటే సూర్యుడి చుట్టూ కమ్ముకుని ఉండే వేడి వాయువులోంచి, దూరి మా యాంటెన్నాకు చేరేది. దారిలో సన్నగా వణికేది. ఆ వణుకును పట్టుకుంటే కరోనాలో పరుగెత్తే అయస్కాంత తరంగాల జాడ తెలుస్తుంది. సూర్యుడి ఉపరితలం కంటే ఆ పైనున్న కరోనా అన్ని రెట్లు ఎందుకు కాగిపోతోందో ఆ తరంగాలే చెబుతాయని మా ఆశ. తమాషా ఏమిటంటే, దారిలో చెదిరిపోతాయన్న భయంతో ఆ రోజుల్లో నౌకకు కొత్త ఆదేశాలేవీ పంపేవారు కాదు. శాస్త్రవేత్తలూ మూఢం పాటించేవాళ్ళే మరి!

బావకూ నాకూ చిన్నప్పుడే అనుకున్న సంబంధం. నాకూ ఆయనంటే ఇష్టం, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గెందుకు? మూఢం రాకముందే చేసేద్దామని మేనత్త ముహూర్తం పెట్టించింది. ఆ వారమే మేం సంకేతాన్ని పట్టే రిసీవర్లు సరిచూసుకోవాలి, ఆపైన నెల పైచిలుకు రోజూ పొద్దుగూకేదాకా ఎవరో ఒకరు వాటి ముందు కూర్చోవాలి, ఉన్నదే ఇద్దరం. పెళ్ళైన మూడోనాడే కొత్త కోడలు పెట్టె సర్దుకుంటానంటే ఎవరొప్పుకుంటారు? మూఢం వెళ్ళాక చేసుకుంటానని ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే మా నాయన, "పెట్టిన ముహూర్తం దాటేస్తారామ్మా యాడన్నా?" అని ఠక్కున పెట్టేశాడు. బావ మాత్రం, "నువ్ పని చూసుకోని రాపో మే, నేను యాడికి పోతా?" అన్నాడు. ఆ మాట నమ్ముకునే నెలంతా నిశ్చింతగా ఉన్నాను, పిచ్చిదాన్ని.

తరంగాలు దొరికాయి. కాగితం మీద వాటి జాడ తేలిన రోజు చిన్నపిల్లలా గంతులేశాను. అవే రోజుల్లో నంద్యాలలో మేనత్త మంచం పట్టింది. ముహూర్తం దాటేసినందుకే ఇట్లయిందనీ, దాటేసిన పిల్ల ఇంటికి కలిసిరాదనీ పెద్దవాళ్ళు గట్టిగా నమ్మారు; మేనత్త కళ్ళముందే పెళ్ళి జరగాలని, మూఢం వెళ్ళిన మొదటి ముహూర్తానికే చాగలమర్రి అమ్మాయితో బావ పెళ్ళి చేసేశారు. తల్లి మంచంలో ఉండగా ఆయన మాత్రం ఎట్లా కాదంటాడు? నాకు ఎవరిమీదా కోపం లేదు. బాధ మాత్రం ఉంది, అది దాచుకోను. తర్వాత వచ్చిన సంబంధాలేవీ నా మనసుకు పట్టలేదు.

మొన్న కాఫీ తాగుతూ పెళ్ళికూతురు నా పాత ఉద్యోగం గురించి అడిగితే, పెళ్ళి సంగతి తప్ప అన్నీ చెప్పాను. తనూ కంప్యూటర్ ఉద్యోగమే చేస్తోంది. "అదేంది చిన్నమ్మా, ఇప్పుడైతే అంతా మిషన్లే రికార్డు చేసుకుంటాయి. నెలంతా నువ్వు ఆడ కూర్చునే పనే లేదు, హాయిగా లీవు పెట్టుకోని పోవచ్చు," అని నవ్వింది. నేనూ నవ్వాను. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న బావ నవ్వలేదు.

నిజమే, ఇప్పుడు సంకేతం ముందు మనిషి కూర్చోనక్కర్లేదు. అప్పుడూ ఇట్లాగే ఉండుంటే, చిన్నమ్మా అని పిలిచే ఆ నోరు నన్ను అమ్మా అనేదేమో అనిపించి, వాళ్ళు వెళ్ళాక పత్రిక తెరిచి ముహూర్తం ఎన్ని గంటలకో మళ్ళీ చూసుకున్నాను. పెళ్ళికి వెళ్తాను. ఈసారి ముహూర్తానికి ముందే నంద్యాలలో ఉంటాను.