సంకల్పంలో చెప్పని పేరు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క మాట. ఆ మాటకి ఒక మనిషి ఎంత కుంగిపోయాడో కళ్ళారా చూస్తూ కూడా నోరు విప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

వంశీ అన్నయ్య మా పెద్దమ్మ కొడుకు. ఇద్దరం ఈ పరాయి దేశంలో, కాపెల్ అనే ఊళ్ళోనే ఉంటాం, కారులో పది నిమిషాలు. ఇద్దరికీ పాముల పిచ్చి. విషం లేని చిన్నజాతి కొండచిలువలు. ఇక్కడ కుక్కల్ని పెంచినట్టే పెంచుతారు. ఆడది అన్నయ్యది, మగది నాది. మేతా, హీటర్లూ, డాక్టరూ చెరి సగం. పుట్టిన పిల్లలూ చెరి సగం. ఒక్కటే షరతు: ఇద్దరం సరే అంటేనే జత కలపాలి.

వదినకి నెల తప్పిందని తెలిసి పెద్దమ్మ ఊరి నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. పాముందని తెలిస్తే ఆవిడ ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. అందుకని అన్నయ్య తన పామును డబ్బాతో సహా నా అపార్ట్‌మెంట్‌కి తెచ్చి, హీటర్ తనే సెట్ చేసి, ఈ ఏడు దీన్ని వదిలెయ్, పోయినసారి గుడ్లు పెట్టాక ఇంకా ఒళ్ళు చేయలేదు అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

సరేనన్నాను. నెల తిరక్కుండా మగదాన్ని అదే డబ్బాలో వదిలాను.

ఎందుకు? పోయినసారి పిల్లల్ని చూసినవాళ్ళందరూ అన్నయ్యనే మెచ్చుకున్నారు. ఈసారి నా పెంపకమని అనిపించుకోవాలనా? అంతే. అంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండును.

ఎక్కడికెళ్ళినా పెద్దమ్మ వెంటొస్తానంటుంటే అన్నయ్య రాలేకపోయేవాడు. ఫోన్‌లో అడిగినప్పుడల్లా బాగుందన్నాను. రెండు నెలలకి గుడ్లు కడుపులో ఇరుక్కున్నాయి. తోకకి కాస్త ముందు ఒళ్ళు గట్టిగా ఉబ్బింది. రెండు రోజులు డబ్బా గోడలకి మూతి రాస్తూ తిరిగింది, మూడోరోజు తిరగడం మానేసింది. నాకు తెలుసు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బతికేదేమో. కానీ దాని కాగితాలన్నీ అన్నయ్య పేరు మీద ఉన్నాయి, క్లినిక్ వాళ్ళు ముందు ఫోన్ చేసేది అతనికే. ఇవాళ పెడుతుంది, రేపు పెడుతుంది అనుకుంటూ అయిదు రోజులు కూర్చున్నాను. ఆరోరోజు పొద్దున చచ్చిపోయింది.

పాత దుప్పటిలో గట్టిగా చుట్టేశాకే అన్నయ్యకి ఫోన్ చేశాను. వచ్చి మూట పక్కన కూలబడ్డాడు. విప్పబోతే, చూడలేవు వద్దన్నాను.

"నేను పెట్టిన హీట్ ఎక్కువైందంటావా, అమ్ములూ?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది?

"అయ్యుండచ్చు అన్నయ్యా," అన్నాను.

మూట తీసుకెళ్ళి తన పెరట్లో ఫెన్స్ పక్కన పాతిపెట్టాడు, కడుపులో గుడ్లతో సహా.

మూడు వారాలకి వదినకి కడుపు పోయింది. అప్పటికి అయిదో నెల. హాస్పిటల్ నుంచి వచ్చిన రోజే అన్నయ్య పెద్దమ్మకి పాము సంగతి చెప్పేశాడు. ఆవిడ అరవలేదు. పాముని చంపిన ఇంట్లో పిల్లలు నిలవరని మాత్రం అందట. గుడిలో సర్పదోషానికి శాంతి చేయించారు. పళ్ళెం పట్టుకుని పక్కన కూర్చున్నది నేనే. సంకల్పానికి పంతులుగారు గోత్రం, పేరు అడిగితే అన్నయ్య తల వంచుకుని తన పేరు చెప్పాడు. నాకీ దోషాల మీద నమ్మకం లేదు. లేదనే అనుకుంటున్నాను. మరి ఆ క్షణాన పళ్ళెంలోకి తప్ప అన్నయ్య వైపు ఎందుకు చూడలేకపోయాను?

ఇన్నాళ్ళకి వదినకి మళ్ళీ అయిదో నెల. నిన్న ఫోన్‌లో ఏడ్చింది. బిడ్డ కదులుతోంది చూడమంటే అన్నయ్య కడుపు మీద చెయ్యి వెయ్యడట. తన చెయ్యి మంచిది కాదు, వద్దంటాడట. నేను ఓదార్చాను. సిగ్గు లేకుండా ఓదార్చడం కూడా వచ్చు నాకు.

అన్నయ్య చెయ్యి మంచిదే. మగపామును వదిలింది నేను. అయిదు రోజులు చూస్తూ కూర్చున్నది నేను. చంపింది నేను. ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. చెప్పాల్సిన మనిషికి మాత్రం ఇంకా చెప్పలేదు.