అరమైలు ఊపిరి

పక్కింటివాళ్ళు నిన్న బొప్పాయి చెట్టు కొట్టించారు. ఆ పాల వగరు వాసన కిటికీలోంచి లోపలికి రాగానే నాకు ఒళ్ళు మండింది. డెబ్బై దాటినదాన్ని, ఎప్పుడో పోయిన మనిషి మీద ఇంకా విసుక్కోవడమేమిటి? కానీ మార్తా టీచరు గారిని తలుచుకోవడం నాకు విసుగుతోనే మొదలవుతుంది.

ఆవిడది గుంటూరు వైపు. సికింద్రాబాదులో మా ఆడపిల్లల టీచరు ట్రైనింగు బడిలో ఆటలు నేర్పేవారు. నిజాం రాజ్యం ఉంటుందో పోతుందో తెలియక ఊరంతా బిక్కుబిక్కుమంటున్న రోజులు. నాకు పద్దెనిమిదేళ్ళు, పరుగంటే ప్రాణం. ఆవిడ మాత్రం అరమైలు పందేనికని ఆరుగురిని ఎంచి, మూడు నెలలపాటు అడుగు కదపనివ్వలేదు. కడిగి ఆరబెట్టిన, లోపల బోలుగా ఉండే బొప్పాయి ఆకు కాడ నోట్లో పెట్టించి, ముక్కు మూయించి, దాంట్లోంచే గాలి పీల్చమనేవారు. పొద్దున ముప్పైసార్లు, సాయంత్రం ముప్పైసార్లు. హమ్మయ్య, అలవాటైంది అనుకునేసరికి ఇంకా సన్నటి కాడ తెచ్చేవారు. పక్కటెముకలు సలిపేవి.

"మాకేం రోగముందని గిట్ల సతాయిస్తున్నరు టీచరమ్మా?" అని ఒకరోజు అడిగేశాను.

"రోగం లేదు కాబట్టే! కాళ్ళకి అందరూ కసరత్తు చేయిస్తారు. ఊపిరి పీల్చే కండలకి ఎవరు చేయిస్తారే? అవి అలిసిపోయాయంటే నీ కాళ్ళెంత గట్టివైనా దండగ. భుజాలెగరెయ్యకు. మళ్ళీ మొదలెట్టు."

భయపడి జనం బెజవాడ వైపు వెళ్ళిపోసాగారు. మా ఆరుగురిలో ముగ్గురు అలాగే వెళ్ళారు. గుంటూరు వచ్చెయ్యమని టీచరు గారి అన్నగారు ఉత్తరం మీద ఉత్తరం రాశారు.

"ఊరంత పరేషాన్ల ఉంటే మీకు ఈ కాడల పిచ్చేంది? మీరన్నా పోరాదు?" అన్నాను.

"ముగ్గురున్నారుగా ఇంకా," అన్నారు, కాడలు లెక్కపెట్టుకుంటూ.

పోలీసు చర్య జరిగిన ఆ ఐదు రోజులూ రాంగోపాల్‌పేటలో మా ఇంటి తలుపులు మూసుకుని కూర్చున్నాం. నాన్న రేడియోకు చెవి ఆనించి ఉండేవాడు. ఏమీ తోచక నేను కాడ నోట్లో పెట్టుకున్నాను. వీధిలో ఏ చప్పుడైనా ఉలిక్కిపడేదాన్ని గానీ, ఊపిరి లెక్క తప్పలేదు. చివరికి ఆవిడ మాటే నెగ్గిందని ఆవిడ మీద నాకు ఇంకా కోపం వచ్చింది.

బడి మళ్ళీ తెరిచాక ఆటల పోటీలు పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ గారు మాత్రం జాబితాలోంచి అరమైలు కొట్టేశారు. "ఆడపిల్లలు సొమ్మసిల్లి పడితే ఎవరు జవాబు చెప్తరు? నూరు గజాలు చాలు." మార్తా టీచరు మూడుసార్లు అడిగినా అదే మాట.

బహుమతులు పంచడం అయ్యాక అతిథులు టీ తాగుతుంటే, ఆవిడ మా ముగ్గురినీ గీత మీద నిలబెట్టి రుమాలు ఊపారు. చీరలు ఎగదోపుకుని ఉరికాం. మా చిన్న మైదానం చుట్టూ ఆరు చుట్లయితే అరమైలు. ఎవరూ చూడటం లేదు. నాలుగో చుట్టుకు తొడలు మంటెక్కాయి, ఊపిరి మాత్రం అడుగునుంచి నిండుగా అందుతూనే ఉంది. ఆరో చుట్టు ముగించగానే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని నేరుగా హెడ్‌మిస్ట్రెస్ గారి ముందుకు లాక్కెళ్ళారు.

"చెప్పు," అన్నారు నాతో.

"మేడం, నా పేరు సరోజ, అరమైలు ఉరికిన, మా ముగ్గురిల ఒక్కరు సుత పడలే, ఇంకోసారి ఉరకమన్నా ఉరుకుతం." ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో చెప్పాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు కప్పు కింద పెట్టి, మిగతా ఇద్దరి వైపూ చూశారు. మరుసటి ఏడు జాబితాలో అరమైలు చేరింది. చూడటానికి మార్తా టీచరు లేరు. అన్నగారికి జబ్బు చేసి గుంటూరు వెళ్ళిపోయారు. పరుగు గురించి ఆవిడ నాతో అన్నది ఒకే మాట: "చివరి చుట్టులో భుజాలెగరేశావు."

నేనూ ముప్పై ఏళ్ళు ఆటల టీచరుగా చేశాను. 'ఆడపిల్లలకెందుకమ్మా' అన్న మాట ఏటా ఏదో ఒక ఆఫీసులో వినేదాన్ని. అరవాలనిపించేది. అరవకుండా, కడుపు నిండా గాలి తీసుకుని, చెప్పదలచుకున్నది చివరిదాకా చెప్పేదాన్ని. కుదరదంటే మర్నాడు మళ్ళీ వెళ్ళేదాన్ని.